ఎరుపు వెనక

గుంటూరులో మా తరగతి గది
మిర్చి కోల్డ్ స్టోరేజీ మీద, రెండో అంతస్తు.
అద్దె తక్కువ, తుమ్ములెక్కువ.
మొదటి వారం పిల్లలందరికీ కళ్ళు మండుతాయి.
రెండో వారానికి
ఘాటు కూడా హాజరు పలుకుతుంది.

ఏసుపాదం, హిమజ, బాజీ,
పేరు పిలిస్తే ఇప్పటికీ లేచి నిలబడే చినతిరుమలరావు.
తలా రెండొందల గంటలు ఎగిరినవాళ్ళు.
అవన్నీ పగటి గంటలు, తెల్లటి గంటలు.
మబ్బుని ఇంతవరకూ
కంటితోనే చూసినవాళ్ళు.

రాడార్ వానని చూస్తుంది, గాలిని కాదు, అంటాను.
రాసుకుంటారు.
రాసుకోవద్దు, వినండి, అంటాను.
తిరుమలరావు అదీ రాసుకుంటాడు.

కిరణాన్ని మరీ కిందికి వంచారనుకోండి,
కొండవీడు కొండలే ఎర్రగా లేచి
ఉరిమే మబ్బులమని బుకాయిస్తాయి.
మరీ పైకెత్తారనుకోండి,
నీళ్ళున్న నడుముని వదిలేసి
మబ్బు నెత్తిన పొడిమంచుని తడుముతుంది.
పొడిమంచు దానికి సగం మూగది.
ఎంత వంచాలో ఒక్క అంకెలో చెప్పలేను.
పచ్చట్లో ఉప్పులాగ
ప్రతిసారీ వేసి, చూసి, మళ్ళీ వేసుకోవాలి.

"కృష్ణ ఎలా కనిపిస్తుంది మేడమ్?"
హిమజ వాళ్ళది సీతానగరం,
బ్యారేజీ దాటగానే ఇల్లు.
నల్లగా, అన్నాను.
నీటి కోసమే వెతికే కన్ను
అంత నదినీ చూడకుండా దాటిపోతుంది.
నెమ్మదిగా పారే నీరు
కిరణాన్ని అవతలికి జార్చేస్తుంది, తిరిగివ్వదు.
పడే నీరే దానికి నీరు.
హిమజ ఇది రాసుకోలేదు.
కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

ఆకుపచ్చ, పసుపు, ఎరుపు.
బెంజ్ సర్కిల్ సిగ్నల్ కాదు నాయనా ఇది,
ఆకుపచ్చ పడిందని దూరిపోవడానికి.
ఎరుపు భయపెడుతుంది. అది దాని మర్యాద.
నాకు భయం
ఎరుపు వెనక నలుపంటే.

పదకొండేళ్ళయింది. మే నెల, రాత్రి,
హైదరాబాదు నుంచి గన్నవరం.
ఎడమ సీటు నాదే.
ఎదురుగా సన్నటి ఎర్ర చార,
దాని వెనక కడిగిన పలకలాంటి నలుపు.
ఇది దాటితే ఆకాశమే అనుకున్నాను.
వెళ్ళిన కిరణం ఆ చారలోనే తడిసి, అలిసి,
తిరిగి రాలేకపోయిందని అనుకోలేదు.
నలుపు నిండా వడగళ్ళు.
ముందు అద్దం సాలెగూడయింది.

అందరం దిగాం.
మెట్ల దగ్గర ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని
"ఇక్కడ రోడ్డేయించాలమ్మా" అంది.
నవ్వాను కూడా.
వణుకు తర్వాత వచ్చింది,
టీ గ్లాసు పట్టుకున్నప్పుడు.
పక్క సీటు కుర్రాడు అప్పుడు చెప్పాడు,
చార కనబడగానే ఏదో అనబోయాడట.
నా మొహం చూసి మింగేశాడట.

ఇక్కడికి రాగానే కరెంటు పోయింది.
మేడ మీదికి తీసుకెళ్ళాను.
తీగల మీద హమాలీల తడి తువ్వాళ్ళు,
ఒకదాని వెనక ఒకటి.
టార్చి వేశాను. మొదటిది వెలిగింది.
"వెనక ఎన్ని?"
"ఏం లేవు మేడమ్," బాజీ.
"వెళ్ళు మరి."
నాలుగోది చెంప మీద చెళ్ళుమంది.
ఏసుపాదం నవ్వి నవ్వి తుమ్మాడు.

నవ్వులు సద్దుమణిగాక
చీకట్లోంచి తిరుమలరావు గొంతు,
మొదటిసారి లేచి నిలబడకుండా:
"ఆ కుర్రాడు మీ మొహంలో ఏం చూశాడు మేడమ్?"

కింద ఏదో లారీ వెనక్కి వెళ్తోంది,
క్లీనరు "రా, రా, రా" అంటున్నాడు.
టార్చి నా మొహం మీదికి తిప్పుకున్నాను.
చూడండి, అన్నాను.
దగ్గరికొచ్చి చూడండి.
ఇలా ఉన్నప్పుడు కూడా చెప్పాలి.